రేగడి ఒక్కటే, లెక్కలే వేరు

నేలల శాస్త్రం మీద ఇంగ్లీషులో వచ్చిన పాత పుస్తకాలు తిరగేస్తే ‘రెగర్’ అనే మాట పదేపదే తగులుతుంది. దక్కన్ నల్లమట్టికి దొరలు పెట్టుకున్న పేరది. మన ‘రేగడి’కి వాళ్ల నోట పట్టిన గతి. ఇదే జాతి మట్టిని మొరాకోలో తిర్స్ అంటారు, సూడాన్‌లో బాదోబ్ అంటారు. టెక్సాస్ రైతుకు అది హ్యూస్టన్ బ్లాక్. వానకు ఉబ్బడం, ఎండకు నెర్రెలు విచ్చడం, తడిస్తే కాలు దిగబడడం, ఆరితే గునపం కూడా దిగకపోవడం అన్నిచోట్లా ఒకే తీరు. అయినా ఇవన్నీ ఒకే కుటుంబమని ఒప్పుకుని, అందరూ ఒకే పేరుతో పిలవడానికి ఇరవయ్యో శతాబ్దం సగం దాటాల్సి వచ్చింది. ఆ పేరు వెర్టిసాల్. తిరగేయడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి తీసుకున్నారు. వేసవిలో పైమట్టి నెర్రెల్లోకి రాలుతుంది, వానలకు అడుగుమట్టి ఉబ్బి పైకి తోసుకొస్తుంది, అలా నేల తనను తానే దున్నుకుంటుందని ఆ పేరు.

దేశాల నేలల సంస్థల మధ్య సహకారం అనగానే ఎంఓయూ మీద సంతకాలు, వెనకాల రెండు జెండాలు, చేతుల్లో బొకేలు గుర్తొస్తాయి. అసలు పని ఆ ఫొటో తర్వాత మొదలవ్వాలి. చాలాసార్లు మొదలవకుండానే ఆగిపోతుంది కూడా. ఎందుకంటే ఆ పని చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. ఒక మట్టిని అందరూ ఒకే పేరుతో పిలవాలి, ఒకే తీరున కొలవాలి, నీ కొలతా నా కొలతా కలిశాయా లేదా అని ఒకరినొకరు పరీక్షించుకోవాలి. ఇందులో మూడోది అన్నిటికంటే కష్టం. తన ల్యాబ్ లెక్క తప్పని బయటివాళ్ల ముందు ఒప్పుకోవడం ఏ సంస్థకైనా ఇబ్బందే మరి.

ఈ మూడు పనులూ ఎలా సాగాయో, ఎక్కడ తడబడ్డాయో చూడ్డానికి హైదరాబాద్ మంచి చోటు. మెట్ట వ్యవసాయం మీద అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం 1970లో కెనడా ప్రభుత్వ సాయంతో మొదలైంది. సంతోష్‌నగర్‌లో ఉన్న మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా 1985లో ఏర్పడింది. వరి పరిశోధన సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్ వైపు ఉన్నాయి. వీటన్నిటి మధ్య, 1972లో పటాన్‌చెరులో మెట్ట ప్రాంతాల పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. ఆ చోటే ఎందుకు అన్నదానికి జవాబు మట్టిలోనే ఉంది. దాదాపు 1,400 హెక్టార్ల ఆ క్యాంపస్‌లో ఒకవైపు ఎర్ర చెల్క, ఇంకోవైపు నల్లరేగడి. ఆసియా, ఆఫ్రికా మెట్ట ప్రాంతాల్లో రైతులు ఎక్కువగా సాగు చేసే రెండు రకాల నేలలూ ఒకే ప్రహరీ లోపల దొరికాయి.

తెలంగాణ రైతుకు ఈ రెండింటి తేడా పుస్తకం చదివి తెలుసుకోవాల్సింది కాదు. చెల్క అయితే వాన వెలిసిన మర్నాడో, ఆ మర్నాడో నాగలి కట్టొచ్చు. కానీ వారం పది రోజులు వాన మొహం చాటేస్తే పైరు వాడిపోతుంది. రేగడి అలా కాదు. నీళ్లను పట్టి ఉంచుకుంటుంది గానీ తడి మీద మనిషినీ ఎద్దునూ అడుగు పెట్టనివ్వదు. అందుకే లోతైన రేగడిని వానాకాలమంతా బీడుగా వదిలేసి, వానలు వెనకబడ్డాక, నేలలో దాగిన తేమ మీద జొన్నో శనగో వేసుకునే అలవాటు తరాలుగా ఉంది. ఏడాదిలో కురిసే వానలో ఎక్కువ భాగం పైరు లేని నేల మీద పడిపోతోందన్నమాట.

ఇక్రిశాట్ వాళ్లు 1976లో ఈ లెక్కనే పట్టుకుని ఒక ప్రయోగం మొదలుపెట్టారు. వెడల్పాటి ఎత్తుమడులు, వాటి మధ్య నీరు మెల్లగా జారిపోయే కాలువలు, వానలకు ముందే పొడి దుక్కిలో విత్తడం, వానాకాలంలోనూ పైరు తీయడం. పక్కనే ఇంకో చెక్కలో పాత పద్ధతే ఉంచారు. దశాబ్దాల సగటు తీస్తే మెరుగైన పద్ధతిలో హెక్టారుకు 5 టన్నులకు పైగా గింజ, పాత పద్ధతిలో ఒక టన్నుకు కాస్త ఎక్కువ. ఇంత పొడుగాటి ప్రయోగాన్ని ఒకే చోట, ఒకే తీరున లెక్కలు రాస్తూ నడిపించడమే పెద్ద సంగతి. మనుషులు మారారు, డైరెక్టర్లు మారారు, ఊరు నగరమై క్యాంపస్ గోడ దాకా వచ్చేసింది.

ఈ క్యాంపస్ మట్టికి శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లు మాత్రం ఊళ్ల పేర్లే. ఎర్రమట్టి ‘పటాన్‌చెరు సిరీస్’, నల్లమట్టి ‘కాసిరెడ్డిపల్లి సిరీస్’. భారతదేశపు ప్రామాణిక నేలల జాబితాలో ఈ రెండూ ఉన్నాయి. ప్రామాణిక నేల అంటే గొయ్యి తవ్వి, పొర పొరకూ రంగు, బంకశాతం, సున్నం, ఉప్పు అన్నీ రాసి పెట్టిన నేల. వేరే దేశం శాస్త్రవేత్త తన పొలంలో గొయ్యి తవ్వి ఈ రికార్డుతో పోల్చుకుంటాడు. కలిస్తే ఇక్కడ పనికొచ్చింది అక్కడా పనికొస్తుందని ఆశ పెట్టుకోవచ్చు. రేగడి మాట రెగరై, వెర్టిసాలై చివరికి చెరిగిపోయినా, కాసిరెడ్డిపల్లి మాత్రం అంతర్జాతీయ పత్రాల్లో నిలిచిపోయింది.

ఆ ఆశ ఒకసారి నిజంగానే పరీక్షకు నిలిచింది. ఇథియోపియా ఎత్తు ప్రదేశాల్లోనూ నల్లరేగడి ఉంది, వానాకాలంలో నీరు నిలిచి పైరు కుళ్లే బాధ అక్కడా ఉంది. 1980ల నడుమ ఇథియోపియా సంస్థలు, ఇక్రిశాట్, పశువుల పరిశోధన కేంద్రం కలిసి వెర్టిసాల్ ప్రాజెక్టు పెట్టుకున్నాయి. ఎత్తుమడుల ఆలోచన పటాన్‌చెరు నుంచి వెళ్లింది. మడులు తీసే చక్రాల పరికరం మాత్రం చెల్లలేదు. ఖరీదెక్కువ, బరువెక్కువ. మన దగ్గర కూడా రైతులు దాన్ని పెద్దగా కొనలేదు. అక్కడివాళ్లు తమ చెక్క నాగలి ‘మరేషా’లను రెండింటిని జతగా కట్టి, మడి తీసే పనిముట్టు చేసుకున్నారు. సూత్రం ఇక్కడిది, కొయ్య అక్కడిది. మట్టి ఒకటే కాబట్టి సూత్రం దాటింది. ఎద్దులు, డబ్బు, వడ్రంగి ఒకటి కాదు కాబట్టి యంత్రం దాటలేదు. సహకార ఒప్పందాలు రాసేవాళ్లు ఈ తేడాను ముందే గమనిస్తే చాలా డబ్బు మిగిలేది.

కొలతల సంగతికొస్తే హైదరాబాద్‌కు ఇంకో తారీఖు ఉంది. 1983 మార్చి 21 నుంచి 26 వరకు ఇక్రిశాట్‌లో ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. దాని అజెండాను ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఒక చోట చేసిన పంట ప్రయోగం ఇంకో చోటికి పనికిరావాలంటే తక్కువలో తక్కువ ఏయే వివరాలు రాసి ఉండాలి? రోజువారీ వాన, ఎండ, వేడి, చలి. మట్టి పొరల లోతు, అవి పట్టే నీరు. విత్తిన తేదీ, వేసిన ఎరువు, దిగుబడి. ఈ ‘కనీస వివరాల పట్టిక’ హవాయి విశ్వవిద్యాలయం నుంచి నడిచిన ఇబ్స్‌నాట్ అనే ప్రామాణిక కేంద్రాల నెట్‌వర్క్‌కు పునాది. దాని నుంచే డీశాట్ అనే పంట నమూనా సాఫ్ట్‌వేర్ పుట్టింది, 1989లో బయటికొచ్చింది. ఇవాళ వాతావరణ మార్పు వస్తే మొక్కజొన్న ఏమవుతుంది, జొన్న ఏమవుతుంది అని రిపోర్టులు రాసేవాళ్లలో చాలామంది వాడేది దాని వారసులనే. పటాన్‌చెరులో వారం రోజులు కూర్చుని ఒక పట్టిక మీద ఒప్పుకోవడం ఎంత దూరం పోయిందో చూడండి. ఇబ్స్‌నాట్ మాత్రం 1993లో ముగిసింది. దాని డబ్బు అమెరికా సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌ది, డబ్బు ఆగితే నెట్‌వర్క్ ఆగింది. బ్యాంకాక్ కేంద్రంగా నేలల నిర్వహణ కోసం పెట్టిన ఇబ్స్‌రామ్ కూడా 2001లో అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థలో కలిసిపోయింది. 2025లో ఆ యూఎస్‌ఎయిడే లేకుండా పోయింది. దాతల డబ్బు మీద నిలబడిన సహకారానికి వయసు తక్కువని కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ల్యాబ్‌లోకి వెళ్దాం. అసలు తగవంతా అక్కడే ఉంది.

మట్టిలో కుళ్లిన ఆకూ అలమూ, పేడా మిగిల్చే కర్బనాన్ని, అంటే సేంద్రియ కర్బనాన్ని, కొలవడానికి మన దేశంలో ఎక్కువ ల్యాబ్‌లు వాడేది 1934 నాటి వాక్లీ-బ్లాక్ పద్ధతి. జల్లించిన మట్టి ఒక గ్రాము ఫ్లాస్క్‌లో వేస్తారు. నారింజ రంగు పొటాషియం డైక్రోమేట్ 10 మిల్లీలీటర్లు, దాని మీద గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ 20 మిల్లీలీటర్లు. ఫ్లాస్క్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. ఆ వేడే కర్బనాన్ని కరిగించాలి, వేరే పొయ్యి ఏమీ ఉండదు. అరగంట పక్కన పెట్టి, నీళ్లు కలిపి, సూచిక చుక్కలు వేసి, కర్బనం వాడుకోగా మిగిలిన డైక్రోమేట్ ఎంతో తేల్చడానికి బ్యూరెట్ నుంచి ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ వదులుతారు. ముదురు ఊదా నీలం తిరిగి, చటుక్కున ఆకుపచ్చగా మారిన చోట చెయ్యి ఆపాలి. మట్టి లేని ఖాళీ ఫ్లాస్క్‌కు 20 మిల్లీలీటర్లు పట్టి, మట్టి ఉన్నదానికి 16.8 పడితే లెక్క 0.48 శాతం. ఆకుపచ్చ కాస్త ముందే కనిపించిందనుకుని 16.3 దగ్గర ఆపేస్తే 0.555. మన సాయిల్ హెల్త్ కార్డు లెక్కలో 0.5 కన్నా తక్కువైతే ‘తక్కువ’, 0.5 నుంచి 0.75 దాకా ‘మధ్యమం’. అర మిల్లీలీటరు తేడాతో ఒక పొలం తరగతి మారిపోయింది. మేలో ఏసీ లేని గదిలో చేసిన పరీక్షకూ, డిసెంబరు పొద్దున చేసిన పరీక్షకూ కూడా ఎంతో కొంత తేడా ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది. ఆ వేడికి మట్టిలోని కర్బనం మొత్తం కరగదు, సగటున 77 శాతమే కరుగుతుందని మొదటి నుంచీ తెలుసు. అందుకని కొన్ని ల్యాబ్‌లు వచ్చిన అంకెను 1.3తో గుణించి రాస్తాయి. కొన్ని గుణించకుండానే రాస్తాయి. 0.48ని గుణిస్తే 0.62. రెండూ ‘సేంద్రియ కర్బనం’ అనే శీర్షిక కిందే అచ్చవుతాయి. అమెరికా ల్యాబ్‌లు చాలావరకు కర్బనం కాకుండా సేంద్రియ పదార్థం రాస్తాయి, దానికి 1.724 అనే ఇంకో గుణకం. ధనిక దేశాల్లో చాలాచోట్ల ఈ పద్ధతినే పక్కన పెట్టి, మట్టిని మెషీన్‌లో కాల్చి వచ్చే వాయువును కొలుస్తున్నారు. డైక్రోమేట్ విషం కాబట్టి అది మంచి పనే. కానీ మన రేగడిలో సున్నపు గుళికలు ఉంటాయి, కాల్చితే సున్నంలోని కర్బనం కూడా లెక్కలో కలిసిపోతుంది. ముందు యాసిడ్‌తో దాన్ని తీసెయ్యాలి. ఆ మెషీన్ కొని తెచ్చుకుని ఆ ఒక్క మెట్టు మరిచిపోతే, కాసిరెడ్డిపల్లి మట్టి కాగితం మీద అడవి మట్టంత సారవంతంగా కనిపిస్తుంది.

మిగతా పరీక్షల్లోనూ ఇదే తంతు. భాస్వరానికి సున్నపు నేలల్లో 1954 నాటి ఓల్సెన్ పద్ధతి, ఆమ్ల నేలల్లో 1945 నాటి బ్రే పద్ధతి. ఇథియోపియా తన జాతీయ సర్వేకు మెహ్లిచ్-3 తీసుకుంది. ఒకదాని అంకె ఇంకోదానిలోకి నేరుగా మారదు. నత్రజనికి మనం వాడేది 1956లో ఢిల్లీలో సుబ్బయ్య, అసిజా రూపొందించిన పర్మాంగనేట్ పద్ధతి, హెక్టారుకు 280 కిలోల లోపైతే తక్కువ అని చెప్పేది. బయటి దేశాల్లో దాన్ని వాడేవాళ్లు అరుదు. ఆఖరికి పీహెచ్ లాంటి మామూలు పరీక్షలో కూడా మట్టికి ఎన్ని పాళ్ల నీళ్లు అన్న దగ్గర మనది రెండున్నర, అమెరికాది ఒకటి, ఆస్ట్రేలియాది ఐదు. పెళ్లికి వంటవాళ్లు నలుగురూ నాలుగు సైజుల సోలలు తెచ్చుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

ఈ సోలలు కలపడానికే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ 2017లో గ్లోసోలన్ అనే ల్యాబ్‌ల నెట్‌వర్క్ పెట్టింది. దానికి పైన 2012లో ఏర్పడిన ప్రపంచ నేలల భాగస్వామ్యం ఉంది. డిసెంబరు 5న మన సంస్థల్లో బ్యానర్లు కట్టి జరిపే ప్రపంచ నేల దినోత్సవాన్ని ముందుకు నడిపింది కూడా అదే. బ్యానర్ల మాట పక్కన పెడితే గ్లోసోలన్ చేసే పని విలువైనది. ఏ పరీక్ష ఎలా చేయాలో వివిధ దేశాల ల్యాబ్‌లవాళ్లే కూర్చుని, వాదించుకుని, మెట్టు మెట్టుగా రాసుకుంటారు. అలా ముందుగా చేతికెత్తుకున్న వాటిలో వాక్లీ-బ్లాక్ ఒకటి. ప్రతి దేశానికీ ఒక రిఫరెన్స్ ల్యాబ్ ఉంటుంది, దేశంలోని మిగతా ల్యాబ్‌లను అది దారిలో పెట్టాలి. తర్వాత అసలు పరీక్ష. ఒకే మట్టిని పొడి చేసి, బాగా కలిపి, పొట్లాలు కట్టి అన్ని ల్యాబ్‌లకూ పంపుతారు. ఎవరి అంకె ఎంత దూరం పోయిందో తేలిపోతుంది.

ఆ పొట్లం దేశం దాటడమే ఒక కథ. మన 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం మట్టి దిగుమతి నిషిద్ధం, పరిశోధన కోసమైతే ప్రత్యేక పర్మిట్ తీసుకోవాలి. ఇది అధికారుల చాదస్తమేమీ కాదు. మట్టితో పాటు నులిపురుగులు, శిలీంధ్రాలు, కలుపు విత్తనాలు వస్తాయి, ఒక్కసారి వస్తే పోవు. కానీ ఫలితం ఏమిటంటే, విమానంలో ప్రొఫెసర్ వచ్చి వెళ్లడం తేలిక, వంద గ్రాముల మట్టి రావడం కష్టం. అందుకే దేశంలోనే ఒక పెద్ద డ్రమ్ము మట్టిని తయారు చేసుకుని, ఏళ్ల తరబడి అన్ని జిల్లాల ల్యాబ్‌లకూ పంచగల జాతీయ సంస్థ లేకపోతే అంతర్జాతీయ నెట్‌వర్క్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

మ్యాపుల్లో కూడా ఇదే తేడా కనబడుతుంది. ఎఫ్ఏఓ, యునెస్కో కలిసి 1961లో ప్రపంచ నేలల పటం మొదలుపెట్టి, 1971 నుంచి 1981 దాకా షీట్లుగా అచ్చు వేశాయి. దేశాలు వివరాలు ఇచ్చాయి, పటం ఒకచోట తయారైంది. 2017 డిసెంబరు 5న విడుదలైన ప్రపంచ సేంద్రియ కర్బన పటానికి దారి మార్చారు. కిలోమీటరు గడులుగా, పై 30 సెంటీమీటర్ల మట్టికి, ఎవరి దేశం పటం వాళ్లే గీయాలి, శిక్షణ మాత్రం ఎఫ్ఏఓ ఇస్తుంది. సరిహద్దుల దగ్గర రంగులు అతకని చోట్లు ఉంటాయి, నిజమే. కానీ తన దేశపు లెక్కకు తానే పూచీ పడే మనుషులు ప్రతిచోటా తయారవుతారు. అతుకుల్లేని అందమైన పటం కన్నా ఇదే మేలు.

పూచీ ఎందుకంత ముఖ్యమో నల్లనేలల నెట్‌వర్క్ చూస్తే అర్థమవుతుంది. ఎఫ్ఏఓ ఆధ్వర్యంలోనే 2017లో ఏర్పడిన ఆ నెట్‌వర్క్, నల్లనేల అంటే ఏమిటో నిర్వచించుకుంది. రంగు నల్లగా ఉండాలి, ఆ పొర 25 సెంటీమీటర్లకు తగ్గకూడదు, సేంద్రియ కర్బనం 1.2 శాతం ఉండాలి. ఉష్ణమండలానికి 0.6 చాలు. ఉక్రెయిన్, రష్యా, చైనా ఈశాన్యపు నేలలను మనసులో పెట్టుకుంటే ఇది సబబే, అక్కడి నలుపు కర్బనం వల్ల వచ్చిందే. మన రేగడి నలుపు అలాంటిది కాదు. కర్బనం తక్కువున్నా, సన్నటి బంకమట్టితో పెనవేసుకుని అది నల్లగా కనిపిస్తుంది. అందుకే కందికి పేరుపడ్డ తాండూరు రేగడిలో మన 0.48 వచ్చిందనుకుందాం. గుణించని ల్యాబ్ లెక్కలో ఆ పొలం ‘నల్లనేల’ కాదు. గుణించిన ల్యాబ్ లెక్కలో 0.62, కాబట్టి అవుతుంది. మట్టి మారలేదు, రైతు మారలేదు.

ఈ తేడాకు ఇప్పుడు ధర కూడా వచ్చింది. మట్టిలో కర్బనం పెంచితే కార్బన్ క్రెడిట్లు అమ్ముకోవచ్చని కంపెనీలు పల్లెలకు వస్తున్నాయి. పై 30 సెంటీమీటర్ల మట్టి ఎకరాకు సుమారు 1,580 టన్నులు అనుకుంటే, 0.48కీ 0.62కీ మధ్య తేడా ఎకరాకు రెండు టన్నులకు పైగా కర్బనం. మొదటి ఏడాది గుణించకుండా, ఐదో ఏడాది గుణించి రాస్తే, పొలంలో చిటికెడు కూడా పెరగకుండానే ఆ రెండు టన్నులూ కాగితం మీదికి వచ్చేస్తాయి. దాన్ని పట్టుకోవాలంటే రెండు రిపోర్టుల్లోనూ పద్ధతి పేరు, గుణకం రాసి ఉండాలి. మొదటి ఏడాది తీసిన శాంపిల్ కూడా ల్యాబ్ అల్మారాలో, తేదీ చీటీ చెరగకుండా, సీసాలో ఇంకా ఉండాలి.